చామగడ్డ మూత తెరుచుకోలేదు

ఆగస్టు, మొదటి శనివారం

వాతావరణం రాయాలట. ఎండ.

శనివారం పనివంతును నడిపే పెద్ద వారానికో పేజీ రాయాలని మా తోట కమిటీ నియమం పెట్టింది. ఈ వారం నుంచి వంతు పెద్దను నేనే. నా పేరు ప్రవళిక. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బడిలో పిల్లల్ని పరుగెత్తించాను కాబట్టి మా బావిగడ్డ బస్తీలో అందరూ పీటీ టీచర్ అంటారు. ఇక్కడ పనికి ఎవరికీ జీతం లేదు. వచ్చినవాళ్లం తవ్వుతాం, కోస్తాం, మోస్తాం.

కోత బాగా వచ్చింది. బెండ, బీర, గోంగూర, చామగడ్డ. మా తోట ఉన్నది పాత ఫ్లైఓవర్ వంతెన మీద. సొంత కార్లు పోయాక ఈ వంతెన చాలా ఏళ్లు ఊరికే పడి ఉండేది. చెరువుల పూడిక మట్టి తెచ్చి పోసి దీన్ని తోట చేశారు. 'నెమ్మదిగా వెళ్లండి' అన్న పాత బోర్డు మీద ఇప్పుడు బీరతీగ పాకింది. కోసినవి బుట్టల్లో పెట్టి గిలకల మీద కిందికి దించుతాం. కింద స్తంభాల నీడలో అంగడి. ఎండ సైరన్ మోగేలోపు అంతా అమ్ముడవ్వాలి. మోగాక బయట ఎవరూ తిరగకూడదు.

ఇదంతా పాత సంగతే. కొత్తగా వచ్చింది అత్త.

దాని అసలు పేరు పోషణ ద్వారం. ఆరోగ్య మండలి వాళ్లు పోయిన నెల తెచ్చి పెట్టారు. కూరగాయల గంపలన్నీ ఇప్పుడు గాజు మూతల కింద ఉంటాయి. కొనడానికి వచ్చిన మనిషి పలక మీద చెయ్యి పెడితే, మణికట్టు మీది ఆరోగ్య పట్టీలోంచి ఒంటి సంగతులన్నీ లాగి, ఏది తినాలో ఏది తినకూడదో చెబుతుంది. ఏం ముట్టుకున్నా వంక పెడుతుందని జనం దానికి అత్త అని పేరు పెట్టేశారు. ఇన్నాళ్లూ అది చెప్పేది, మేము వినీ విననట్టు కొనుక్కుపోయేవాళ్లం. ఇవాళ్టి నుంచి అది వద్దన్న గంప మూత తెరుచుకోదు.

మొదట చెయ్యి పెట్టింది నిఖిల్ కాక. ఎనభై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు ఇదే వంతెన మీద క్యాబ్ నడిపాడు. వంతెన తోట అయ్యాక అదే చోట చామగడ్డ వేయడం మొదలుపెట్టాడు. భార్య పోయింది. వెనక గల్లీలో ఒక గదిలో ఒక్కడే ఉంటాడు.

"నిఖిల్ గారూ, ఈ వారం మీకు చామగడ్డ తగదు. మీ ఆరోగ్యమే మా ఆనందం," అంది అత్త.

కాక నవ్వాడు. "నేనే ఎరువేసి, నేనే తవ్వి, నేనే మోసుకొస్తి గదనే. నాకే పెట్టవా?"

"బెండకాయ తీస్కో కాకా," అన్నాను.

"తీస్కుంట గని బిడ్డా, ఇది నన్ను ఒక్క మాటన్న అడగలే చూడు. ఎంత తింటవ్, ఎట్ల వండుకుంటవ్, ఎవరన్న వండి పెడుతున్నరా అని."

చాలామంది నవ్వుకుంటూ వెళ్లారు. నాకు నవ్వు రాలేదు. సైరన్‌కు ముందు మండలి బండి వచ్చి, అమ్ముడుపోని గంపలన్నీ ఎత్తుకుపోయింది. ఒప్పందంలో ఉందట. ఆ ఒప్పందం ఎవరు ఒప్పుకున్నారో తెలుసుకుంటాను.


ఆగస్టు, రెండో శనివారం

మబ్బు పట్టింది. కురవలేదు.

ఒప్పుకున్నది అఫ్రీన్. ఈ అంగడి నడిపేది ఆమే. నా దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. వంతెన మీదికి మొదటి తట్ట మట్టి మోసినవాళ్లలో వాళ్ల నాన్న ఉన్నాడు. గంపలు సర్దుతుంటే పక్కకు పిలిచి అడిగాను.

"సంతకం నువ్వు పెట్టినవా?"

"నేనే పెట్టిన టీచర్. పెట్టకపోతే వంతెన వాపస్ తీస్కుంటమన్నరు. సరుకు బండ్లకు దారి కావాల్నంట. నన్నేం చేయమంటరు?"

"మమ్మల్ని అడగాలె."

"అడిగితే మీరు వద్దంటుండె. వంతెన పోతుండె."

అది నిజం. నిజం కాబట్టే ఇంకా మండింది.

ఇవాళ కాకకు చామగడ్డతో పాటు తోటకూర, టమాటా మూతలు కూడా తెరుచుకోలేదు. సాయంత్రం చల్లబడ్డాక ఎలా ఉన్నాడో చూద్దామని ఇంటికి వెళ్లాను. గుమ్మం దగ్గర మండలి డబ్బాలు వరసగా ఉన్నాయి. మూతలు పడ్డవాళ్లకు వాళ్లే ఇంటికి పంపుతారట. ఒకటి తెరిచి చూశాను. బూడిద రంగు గుజ్జు. డబ్బా మీద 'లవణాలు తీసిన బావిగడ్డ తాజా చామగడ్డ' అని రాసి ఉంది. మా దగ్గర ఎత్తుకుపోయిందే. మా గడ్డ మాకు వద్దని చెప్పి, ఎత్తుకుపోయి, రుబ్బి, మళ్లీ మాకే పంపుతున్నారు.

"మన గడ్డే అంట బిడ్డా ఇందుల," అన్నాడు కాక, చెంచాతో కదుపుతూ. "నాకైతే ఎక్కడ కనిపిస్తలేదు."

"తింటున్నవా?"

"రెండు చెంచాలు. ఆ తర్వాత గొంతు దిగుతలేదు. బువ్వ తిన్నట్టు లేదు, గోడ నాకినట్టున్నది."


ఆగస్టు, మూడో శనివారం

వాన. మంచి వాన.

గంపల్ని మూతల కిందికి చేర్చకముందే కాసిని చామగడ్డలు తువ్వాలులో చుట్టి కాక చేతిలో పెట్టాను. దొంగతనం అంటే అనుకోనీ. తన పాదుల్లో కాసినవే తనకిచ్చాను. పులుసు పెట్టుకున్నాడు. మధ్యాహ్నం వెళ్లేసరికి గిన్నె ఊడ్చుకుని తింటున్నాడు. రెండు వారాల తర్వాత ఆ ముఖంలో రంగు చూశాను.

కమిటీ రాయించే ఈ పేజీలను మండలివాళ్లు కూడా చదువుతారని అఫ్రీన్ చెప్పింది. చదవనీ. తువ్వాలు నాది, గడ్డలు కాకవి.


ఆగస్టు, చివరి శనివారం

వాతావరణం రాయను.

కాక పలక మీద చెయ్యి పెట్టాడు. "నిఖిల్ గారూ, మీరు మా సూచన పాటించలేదు," అంది అత్త. తిన్నది ఒంటి పట్టీకి తెలిసిపోయింది. ఇక నెల రోజులు సొరకాయ, దోసకాయ తప్ప ఏ మూతా తెరుచుకోదట. నేనిచ్చిన గడ్డలకు కాకకు శిక్ష.

అత్తను కాలితో తన్నాను. దెబ్బ నాకే తగిలింది. బొటనవేలు వాచింది. పిల్లలకు బంతిని ఎలా తన్నాలో పాతికేళ్లు నేర్పినదాన్ని.

"కొట్టకు బిడ్డా," అన్నాడు కాక. "దానికేం తెల్వది. తెలిసినోళ్లెవరో దాని ఎనక ఉంటరు. వాళ్లు ఇక్కడికి రారు."


సెప్టెంబరు, మొదటి శనివారం

ఎండ. సైరన్ తొందరగా మోగింది.

అంగడిలో గొడవలు. ఒకామెకు వంకాయ మూత తెరుచుకోలేదని వంతులో ఉన్న అమ్మాయిని తిట్టింది. ఆ అమ్మాయి పొద్దున్నే లేచి, ఆ వంకాయలు కోసి, గిలక లాగి, అరచేతులు ఒరుసుకుపోయి నిలబడి ఉంది. తిట్లు మాకు, కూరగాయలు మండలి బండికి. ఇవాళ బండి మూడొంతులు నిండింది. మేము పనిచేస్తున్నది ఎవరికో నాకు అర్థం కావడం లేదు. కాదు, అర్థమైంది.

మండలి తరఫున విహాన్ అనే అబ్బాయి వారానికోసారి వస్తాడు. ముప్పై నిండలేదు. మర్యాదగా మాట్లాడతాడు, అదే నా బాధ. అరిచేవాడైతే నేనూ అరిచేదాన్ని.

"నిఖిల్ కాక చిక్కిపోతున్నడు. చూసినవా బాబూ?" అని అడిగాను.

"చూశాను మేడమ్. బరువు తగ్గుతున్నట్టు రీడింగ్ వస్తోంది. అందుకే సిస్టమ్ ఇంకాస్త జాగ్రత్త తీసుకుంది."

"జాగ్రత్త అంటే?"

"దోసకాయ మూత కూడా మూసింది."

"తిండి లేక చిక్కినోనికి తిండి తగ్గిచ్చుడు జాగ్రత్తనా?"

"తిండి లేక అని మీరంటున్నారు. ఆయనకు రోజూ డబ్బా వెళ్తోంది కదా."

"పోతున్నది. తింటున్నడా?"

అతను చేతిలో తెర చూసుకున్నాడు. "అందినట్టు ఉంది మేడమ్."

"అందిందా అని అడుగుతలేను. తింటున్నడా?"

విహాన్ తెర ఆర్పేశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "మా అమ్మ నలభై ఏళ్లకే పోయింది. షుగర్. ముందు వేళ్లు తీశారు, తర్వాత కాలు. ఎవరైనా ఆవిడ చేతిలోంచి ఆ తిండి లాగేసి ఉంటే బాగుండేదని నాకు రోజూ అనిపిస్తుంది. ఇలాంటిది అప్పుడు ఉంటే మా అమ్మ ఉండేది."

అతని మీద అరవలేకపోయాను. జవాబు దొరికేసరికి ఇంటికి వచ్చేశాను. లాగేసుకోవాల్సింది పక్కన కూర్చున్న మనిషి. తిట్టి, బతిమాలి, అలిగి, మళ్లీ వేరేదేదో వండిపెట్టి. ఆ పని గాజు మూత చేస్తుందని ఎవరు నమ్మించారు ఈ అబ్బాయిని? వాళ్ల మీద నాకు కోపం. వాళ్ల ముఖాలు ఎప్పుడూ చూడలేదు. అది ఇంకా కోపం.


సెప్టెంబరు, రెండో శనివారం

కాక పడిపోయాడు.

చామగడ్డ తవ్వే అదను దాటిపోతోందని, వద్దన్నా వంతుకు వచ్చాడు. రెండు పాదులు తవ్వి, మెట్ల మీద ఆగి ఆగి కిందికి దిగాడు. వరసలో నిలబడి పలక మీద చెయ్యి పెట్టాడు. ఒక్క మూతా తెరుచుకోలేదు. సొరకాయది కూడా. "నిఖిల్ గారూ, ఈ వారం మీ భోజనం మీ ఇంటికే వస్తుంది. మీ ఆరోగ్యమే మా ఆనందం."

కాక చెయ్యి తీయలేదు. అది ఇంకేమైనా చెబుతుందేమోనని చూస్తున్నట్టు అలాగే నిలబడ్డాడు. తర్వాత మెల్లగా కిందికి కూర్చున్నాడు. కూర్చున్నవాడు పక్కకు ఒరిగాడు. చుట్టూ గంపల నిండా కూరగాయలు. గాజు వెనక మెరుస్తున్నాయి.

నేనూ, అఫ్రీనూ ఎత్తుకున్నాం. నేను ఒక్కదాన్నే ఎత్తగలిగేదాన్ని. అంత తేలికయ్యాడు.

ఆసుపత్రిలో డాక్టర్ సహస్ర అనే ఆమె చూసింది. రెప్పలు వాలిపోతున్నాయి ఆమెకు, ఎప్పటి నుంచి డ్యూటీలో ఉందో. కాక కళ్లు చూసి, చేతులు నొక్కి, నన్ను బయటికి పిలిచింది.

"ఈయన కడుపునిండా తిని ఎన్నాళ్లయింది?"

"ఏం జబ్బు డాక్టర్?"

"జబ్బు కాదండీ. ఆకలి. ఎక్కడ పడిపోయాడు?"

"అంగట్ల."

"ఏ అంగడి?"

"కూరగాయల అంగడి."

ఆమె నా ముఖం చూసింది. నేను వెటకారం చేస్తున్నానేమోనని చూసింది. అఫ్రీన్ గోడవైపు తిరిగింది.

కాక కిడ్నీలు బలహీనంగా ఉన్నమాట నిజమేనట. అత్త అబద్ధం చెప్పలేదు. "చామగడ్డ తినొద్దా మరి?" అని అడిగాను.

"చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, బాగా ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. తర్వాత కొంచెం తినొచ్చు. రోజూ కాదు, మనసైనప్పుడు. ఇంత చిన్న మాట. నన్నెవరూ అడగలేదు," అందామె. ఆమె గొంతులోనూ కోపమే ఉంది.

తిరిగి వస్తూ దారంతా అఫ్రీన్ ఏడ్చింది. ఊరుకోమని నేను అనలేదు. అనాలనిపించలేదు.


సెప్టెంబరు, మూడో శనివారం

ఎండ. గాలి కూడా ఉంది.

పొద్దున వంతుకు వచ్చినవాళ్లను వంతెన మీద వరసగా నిలబెట్టి చెప్పాను. "ఇయ్యాల గంపలు మూతల కిందికి పోవు. గిలకలు అవతలి దిక్కుకు తిప్పుతున్నం. బుట్టలు రోడ్డవతల దించి, అడిగినోళ్లకు అడిగింది ఇస్తం. అమ్ముతలేం, ఇస్తున్నం. ఇష్టం లేనోళ్లు ఇంటికి పోవచ్చు, నేనేమనుకోను."

ఒకరిద్దరు వెళ్లారు. నేను వాళ్లను ఏమీ అనుకోలేదని రాయాలని ఉంది కానీ, అనుకున్నాను.

"టీచర్, వద్దు," అంది అఫ్రీన్. "వంతెన పోతది."

"కాక పోతుండె."

ఆమె సాయం చేయలేదు, అడ్డం రాలేదు. మెట్ల మీద కూర్చుంది.

బుట్టలు దిగాయి. జనం వచ్చారు. వచ్చి, బుట్టల ముందు నిలబడిపోయారు. భవిష్య అని పక్క గల్లీలో ఉంటుంది, వంకాయ కోసం తిట్టినామె. ఆమె వంకాయ బుట్ట అంచు మీద చెయ్యి ఆనించి ఆగింది. ఎందుకాగిందో నాకు మొదట అర్థం కాలేదు. ఏదో ఒకటి అవునో కాదో చెబుతుందని ఎదురుచూస్తోంది. వెదురు బుట్ట. అది ఏం చెబుతుంది?

ఈ రెండు నెలల్లో నాకు వచ్చిన కోపమంతా ఒక ఎత్తు, ఆ చెయ్యి చూసినప్పుడు వచ్చింది ఒక ఎత్తు. అది ఆమె మీద కాదు. ఇంత తొందరగా మాకు ఈ అలవాటు చేసినవాళ్ల మీద.

"తీస్కో భవిష్యా," అన్నాను. "ఎవరిని అడగక్కర్లే."

ఆమె తీసుకుంది. తర్వాత అందరూ తీసుకున్నారు. కాసేపు అచ్చం పాత అంగడే. బెండకాయ తుంచి చూసేవాళ్లు, ముదురని వంక పెట్టేవాళ్లు, గోంగూర ఎర్రదా తెల్లదా అని పోట్లాడేవాళ్లు.

విహాన్ వచ్చేసరికి బుట్టలు సగమయ్యాయి. పరుగెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు, చొక్కా తడిసిపోయి ఉంది.

"మేడమ్, దయచేసి ఇది ఆపండి. నేను రిపోర్ట్ రాయాల్సి వస్తుంది."

"రాయి బాబూ. నిఖిల్ కాక ఆకలితోని పడిపోయిండని గూడ రాయి."

"దానికి గడి లేదు మేడమ్."

"ఏమన్నవ్?"

"ఆకలి అని రాయడానికి రిపోర్ట్‌లో గడి లేదు. సూచన పాటించారు, పాటించలేదు. ఆ రెండే ఉన్నాయి." అతని ముఖం పాలిపోయింది. తను అన్న మాట తనే విన్నట్టున్నాడు. "నేను కావాలని అలా అనలేదు," అన్నాడు.

"తెలుసు. కావాలని ఎవ్వరు అంటలేరు. అందుకే మనిషి పడిపోయిండు."

సైరన్ మోగింది. అతను వెళ్లిపోయాడు. మండలి బండి ఖాళీగా వెనక్కి తిరిగింది.


సెప్టెంబరు, చివరి వారం. శనివారం కాదు, అయినా రాస్తున్నాను

వారం కింద నోటీసు వచ్చింది. 'బావిగడ్డ వంతెన కింద విక్రయం, పంపిణీ నిషేధం.' తోట పని చేసుకోవచ్చట. కోసినదంతా మండలి బండికి అప్పగించాలట. నాకు ఏడాది పాటు వంతు పెద్దగా ఉండే అర్హత లేదట. అత్తను విప్పి లారీలో వేసుకుపోయారు. అది పోతే సంతోషిస్తాననుకున్నాను. అది ఉన్న చోట సిమెంటు మీద నాలుగు బోల్టులు మిగిలాయి. అంగడి లేదు.

ఆ సాయంత్రం మా ఇంటి ముందుకు జనం వచ్చారు. మెచ్చుకోవడానికి కాదు.

"నీ కోపం తీరింది టీచర్," అంది భవిష్య. "మా ఇంట్ల కూర పోయింది. అత్త ఉన్నప్పుడు నాలుగు వద్దన్నా నాలుగు ఇస్తుండె. ఇప్పుడు అందరికి డబ్బాలే. మా పిల్లలు గా గుజ్జు తింటరా?"

"నేను..." అన్నాను.

"ఒక్క శనివారం పంచిపెట్టినవ్. మంగళవారం మేం ఏం తినాలె?"

ఆమె చేతిలో నేనిచ్చిన వంకాయలు ఆ రోజు చూశాను కాబట్టి, ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది. వాళ్లు వెళ్లాక తలుపు వేసుకుని కూర్చున్నాను. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపు భవిష్య మీద, కాసేపు విహాన్ మీద, ఎక్కువసేపు నా మీద.

చీకటి పడకముందే అఫ్రీన్ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టింది.

"మీరు కోపంతోని చేసిన్రు టీచర్. నేను భయంతోని చేసిన. ఇద్దరం ఎవ్వరిని అడగలే."

"నిజమే."

"మీరు నిజమే అంటే నాకు ఇంక తిట్టబుద్ధి కాదు," అని విసుక్కుని, నోటీసు తీసి బల్ల మీద పరిచింది. మడతలు నలిగి ఉన్నాయి. ఎన్నిసార్లు చదివిందో. "ఇది చూడున్రి. వంతెన కింద అని రాసున్నది. గల్లీల అని ఎక్కడ లేదు."

"రేపు అది గూడ రాస్తరు."

"రాసేదాక రాయలేదు గద. ఈసారి నేను ఇంటింటికి పోయి అడిగినంక చేస్తం."

ఆమె అన్నట్టే వారమంతా తిరిగింది. భవిష్య ఇంటికి కూడా వెళ్లింది. ఎవరు వస్తారు, ఎవరు మోస్తారు, ఎవరు భయపడుతున్నారు, అన్నీ అడిగింది. నేను వెంట వెళ్లి నోరు మూసుకుని నిలబడ్డాను. నా జీవితంలో అంతకంటే కష్టమైన వ్యాయామం చేయలేదు.


అక్టోబరు, మొదటి శనివారం

ఈ పేజీ రాసే అధికారం నాకు లేదు. వంతు పెద్ద అఫ్రీన్. ఆమె రాయమంది, రాస్తున్నాను.

కాక ఇంటికి వచ్చాడు. డాక్టర్ చెప్పినట్టు ఉడికించి నీళ్లు వంపేసిన ముక్కలతో పలచగా పులుసు పెట్టి తీసుకెళ్లాను. కొంచెమే తిన్నాడు. చాలనిపించి తనే ఆపాడు. మెట్లెక్కడం ఇక కాదని డాక్టర్ ఖాయంగా చెప్పేసింది. తన పాదులు ఎవరికైనా ఇచ్చేయమన్నాడు. "మట్టిల చెయ్యి పెట్టక నాకు పొద్దెట్ల పోతది బిడ్డా," అని అడిగాడు. దానికి డాక్టర్ దగ్గర మందు లేదు. ఆ మెట్లు ఆయన నుంచి లాక్కున్నవాళ్లను నేను క్షమించను. ఇది పేజీలో ఉండనీ. మండలివాళ్లు చదువుకోనీ.

పొద్దున్నే కోత పూర్తి చేశాం. మండలి బండికి సొరకాయలు వదిలాం, అవి వాళ్లకు ఇష్టం కదా. మిగతావన్నీ బుట్టల్లో సర్దుకుని, వంతెన ఆ చివరి మెట్ల నుంచి గల్లీల్లోకి దిగాం. కొందరం నెత్తిన, కొందరం ఇద్దరిద్దరుగా పట్టుకుని. భవిష్య ఒక బుట్ట ఎత్తుకుంది. నాతో మాట్లాడలేదు. బుట్ట మాత్రం దించలేదు.

గల్లీ మొదట్లో ఆగిపోయాం. పిలవాలి. ఎలా పిలవాలో ఎవరికీ తెలియదు. మా ఎవరి కాలంలోనూ ఇళ్ల ముందు కూరగాయలు అరుస్తూ అమ్మినవాళ్లు లేరు. అందరూ నావైపు చూశారు. మైదానం ఆ చివరికి వినపడే గొంతు నాది. నోరు తెరవబోయాను.

"మీరాగున్రి టీచర్," అంది అఫ్రీన్. "మీరు పిలిస్తే తిట్టినట్టుంటది, భయపడి తలుపులు పెట్టుకుంటరు."

తనే బుట్ట సర్దుకుని, గొంతు సవరించుకుని పిలిచింది. "కూరగాయలమ్మా. బెండకాయ, బీరకాయ, ఆకుకూరలు. పొద్దుగాల కోసినయి." రెండోసారి ఇంకా గట్టిగా పిలిచింది. గోడల మధ్య ఆ పిలుపు సాగి సాగి పైకి వెళ్లింది. ఒక కిటికీ తెరుచుకుంది. తర్వాత పక్కది.

మూడో అంతస్తులోంచి ఒకామె తొంగి చూసింది. పెద్దామె. ఎప్పుడూ చూడలేదు, అంగడికి వచ్చే మనిషి కాదు.

"పాలకూర ఉన్నదా?"

"ఉన్నదక్కా."

"నాకిస్తరా మరి? ఏడాది కింద దవాఖానల నాకు పాలకూర బంద్ పెట్టిన్రు."

"ఎందుకు పెట్టిన్రు?"

"కిడ్నీల రాళ్లున్నయని."

అఫ్రీన్ బుట్ట కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని పైకి చూసింది. "రాళ్లుంటే పాలకూర నిజంగనే మంచిది కాదక్కా. మెంతికూర లేతగున్నది, అది తీస్కో. లేదు, పాలకూరే తినాలని మనసైతున్నదా, కొంచెం ఇస్త, నీళ్లు బాగ తాగు. నీ ఇష్టం."

ఆమె ఆలోచించింది. ఒకసారి లోపలికి చూసింది, మళ్లీ మా బుట్టవైపు చూసింది. మేమందరం గల్లీలో తలలెత్తి నిలబడ్డాం. ఎవరం తొందరపెట్టలేదు.

తర్వాత తాడు కట్టిన బకెట్ ఒకటి గోడకు తగులుతూ కిందికి దిగింది.

"రెండూ ఎయ్యి," అందామె.